హ్యాండిల్ ఎవరి దగ్గర ఉంది?

 తమ్ముళ్లారా, చెల్లెళ్లారా!

ఇందాక ఐటీఐ పట్టాలిస్తూ చెయ్యి కలిపినప్పుడు మీలో కొందరు నా కుడి బొటనవేలి వంక రెండోసారి చూశారు. అది వంకరగా ఉంటుంది, సరిగా మడత పడదు. ఆ వేలి సంగతి చెప్పడానికే ఈ పిలుపు ఒప్పుకున్నాను.

మా కాలంలో ఐటీఐ వాళ్లకు స్నాతకోత్సవం లేదు. దేశంలో మొదటిసారి అది జరిగింది 2022 సెప్టెంబరు 17న, విశ్వకర్మ జయంతి నాడు. మేం మార్కుల మెమో కిటికీలోంచి తీసుకుని అటునుంచి అటే పనికి పోయినవాళ్లం. నేను డీజిల్ మెకానిక్ పట్టా పట్టుకుని స్లాబులు వేసే ఒక మేస్త్రీ దగ్గర మిల్లరు ఆపరేటరుగా చేరాను. పుస్తకాల్లో కాంక్రీట్ మిక్సర్ అంటారు గానీ సైటులో మిల్లరే. 10/7 మిల్లరు. పొడిగా పది ఘనపుటడుగులు పోస్తే తడిగా ఏడే బయటికొస్తాయి. కంకర సందుల్లోకి ఇసుక, ఇసుక సందుల్లోకి సిమెంటు దూరిపోతాయి కదా, అందుకు. లీటర్లలో 280కి 200.

అక్కడ ఒక ముసలి ఆపరేటరు ఉండేవాడు. తాత అనేవాళ్లం. సంతకం రాదు, వేలిముద్రే. మొదటి రోజే చెప్పాడు: "హ్యాండిల్‌ను గుప్పిట పట్టకురా, బొటనవేలు కూడా మిగతా వేళ్ల పక్కనే పెట్టు." నాకు నవ్వొచ్చింది. డీజిల్ ఇంజను గురించి నాకు చెబుతాడేమిటి అనుకున్నాను.

చలికాలం పొద్దున. వాల్వు ఎత్తిపట్టే చిన్న లివరు పైకి పెట్టి, ఇంజను స్టార్టు చేయడానికి హ్యాండిల్ తిప్పుతున్నాను. చక్రం వేగం అందుకోకముందే లివరు వదిలేశాను. పిస్టన్ పైదాకా ఎక్కలేకపోయింది. డీజిల్ మాత్రం అంటుకుంది. పైకి పోవాల్సిన పిస్టన్‌ను ఆ మంట కిందికి తన్నింది. దానితో చక్రం, చక్రంతో హ్యాండిల్ వెనక్కి తిరిగాయి. నాలుగు వేళ్లూ జారి బయటపడ్డాయి. అవతలి వైపు చుట్టి పట్టిన బొటనవేలు తప్పించుకోలేకపోయింది. పిస్టన్ ఎందుకు వెనక్కి తన్నుతుందో పరీక్షలో బొమ్మ గీసి మరీ రాసినవాణ్ణి నేను. ఆ రాత తాత చెప్పిన ఒక్క మాటకు సరితూగలేదు.

మిల్లరు మీద నాకు కోపం లేదు. మా నాయనమ్మ నాగార్జునసాగర్ కట్ట మీద తట్టలు మోసింది. 1955 డిసెంబరు 10న పునాదిరాయి పడిన ఆ కట్టను యంత్రాలకన్నా పాలమూరు లాంటి జిల్లాల మనుషుల మెడలే ఎక్కువగా మోశాయి. ముసలితనంలో ఆమె తల పక్కకు తిప్పలేకపోయేది. కాంక్రీటు మాలు కలిపే పని పారల నుంచి డ్రమ్ముకు మారడం మంచిదే. కాకపోతే పారను వదిలేస్తే పడి ఉంటుంది, యంత్రం అలా ఉండదు.

లిఫ్టు మిల్లరులో తొట్టి చూశారు కదా. కంకర, ఇసుక నింపితే ఇనుప తాడు దాన్ని పైకి లాగి డ్రమ్ములో ఒంపుతుంది. అలా ఎత్తినప్పుడు కింద ఒలికిన కంకర కనబడుతుంది. పార పట్టుకున్న కుర్రాడు, ఖాళీ దొరికింది కదా అని, తొట్టి కిందికి వంగి ఎత్తడం మొదలుపెడతాడు. ఆ క్షణాన అతని వీపుకూ తొట్టికీ మధ్య ఉన్నది బ్రేకు ఒక్కటే. అది ఎంత అరిగిందో ఎవరికీ తెలియదు. తొట్టి పైనే ఉండాల్సి వస్తే కొక్కెం తగిలించాలి. కొక్కెం లేని మిల్లరును అద్దెకు తేవద్దు. తాడులో పోగులు లేచి గుచ్చుకుంటుంటే గ్రీజు పూసి దాచకండి, తాడే మార్చండి.

స్లాబు రోజు పొద్దున్నే మిల్లరుకు పసుపు రాస్తారు, బొట్టు పెడతారు, నిమ్మకాయలు కడతారు, కొబ్బరికాయ కొడతారు. నేనూ కొడతాను. నిమ్మకాయ కట్టినవాడికి బెల్టు మీద గార్డు కట్టే తీరిక దొరకకపోవడమే నాకు అర్థం కాదు. తట్టలు మోసే ఆడవాళ్లు రోజుకు వందసార్లు ఆ బెల్టు పక్క నుంచే నడుస్తారు. కొంగు నడుముకు బిగించుకోమ్మా అని చెబుతాం. చెప్పాలి కూడా. కానీ గార్డు పెట్టాల్సింది మనం, కొంగు బిగించుకోవాల్సింది ఆమె అయినప్పుడు, ముందు మన పని అయ్యాకే ఆమెకు చెప్పే అర్హత.

కలపడం గురించి ఎక్కువ చెప్పను, మీకు నేర్పే ఉంటారు. ముందు కొంచెం నీళ్లు, తర్వాత సరుకు, అన్నీ పడ్డాక కనీసం రెండు నిమిషాలు తిరగనివ్వండి. పైనుంచి "మాలు, మాలు" అని కేకలు వస్తూనే ఉంటాయి, రానివ్వండి. డ్రమ్ము నిండా మాలుండగా ఇంజను ఆగిపోతే మాత్రం అందరికీ కంగారు పుడుతుంది. గట్టిపడిపోతుందని ఒకడు చెయ్యి లోపల పెడతాడు, ఇంకొకడు హ్యాండిల్ అందుకుంటాడు. వినండి. తడిసి ముప్పై నిమిషాలైనా కాకముందే బిగుసుకోవడం మొదలుపెట్టే సిమెంటును మన ప్రమాణాలు ఒప్పుకోవు. టైముంది. మాలు పారతో తీసేసి, ఖాళీ డ్రమ్ముతోనే మళ్లీ స్టార్టు చేయండి.

నేను ఎక్కువ భయపడేది సాయంత్రం వేళకే. స్లాబు అయిపోయింది, యజమాని భోజనాలు పెట్టించాడు, బిర్యానీ వాసన వస్తోంది. డ్రమ్ము కడగాలి. చేయాల్సిందల్లా నాలుగు పారల కంకర, రెండు బకెట్ల నీళ్లు వేసి కాసేపు తిప్పి ఒంపేయడం. రాళ్లే గీకేస్తాయి. అది చేయరు. మర్నాటికి మాలు రేకుకు కరుచుకుంటుంది. అప్పుడు సుత్తితో బయటి నుంచి కొడతారు, డ్రమ్ము సొట్టలు పడుతుంది. సొట్ట పడిన చోట మాలు ఇంకా అంటుకుంటుంది. చివరికి ఒక సన్నటి కుర్రాణ్ణి చూసి ఉలి ఇచ్చి లోపలికి దింపుతారు. లోపల మనిషి ఉన్నాడని తెలియని ఇంకొకడు వచ్చి ఇంజను స్టార్టు చేస్తాడు.

అందుకే నా సైటులో ఒక పద్ధతి ఉంది. ఎవరు డ్రమ్ములో చెయ్యి పెట్టినా, తల పెట్టినా, ముందు బెల్టు తీసేసి హ్యాండిల్ తమ దగ్గర పెట్టుకోవాలి. కరెంటు మిల్లరైతే ప్లగ్గు పీకి కళ్లముందు వేసుకోవాలి. డ్రమ్ము ఒకవైపు బరువుతో దానంతటదే తిరుగుతుంది, కాబట్టి అడ్డు కూడా పెట్టాలి. నేను సైటుకు వెళితే ముందు పని ఎంతయిందని అడగను, "హ్యాండిల్ ఎవరి దగ్గరుంది?" అని అడుగుతాను.

ఇక ఒంటి సంగతి. తాంబూలంలో సున్నం ఎక్కువైతే నోరు పొక్కుతుంది కదా, తడి సిమెంటు ఆ జాతిదే. పీహెచ్ 12 దాటుతుంది. బూటులోకి దిగిన మాలు వెంటనే మండదు, సాయంత్రం బూటు విప్పాకే తోలు ఊడుతుంది. పడగానే మంచినీళ్లతో కడగాలి. కంట్లో పడితే పావుగంటసేపు ఆపకుండా కడిగి ఆసుపత్రికి పోవాలి. సిమెంటు సంచి చింపేటప్పుడు గాలికి ఎదురుగా నిలబడకండి, మూతికి మాస్కు కట్టండి.

ఇంజను నూనె రోజూ చూడండి, గాలి ఫిల్టరు రోజూ దులపండి. గ్రీజు దగ్గర మాత్రం తొందరపడకండి. డ్రమ్ము చుట్టూ ఉండే పళ్ల చక్రానికి దండిగా గ్రీజు పూస్తే సేవ చేసినట్టు అనుకుంటాం. కొన్ని మిల్లర్లకు దాన్ని పొడిగానే ఉంచమని తయారీదారు పుస్తకంలో రాసి ఉంటుంది. గ్రీజుకు ఇసుక అంటుకుంటే అది సానబట్టే ముద్దవుతుంది, పళ్లను అదే తినేస్తుంది. మీరు చదువుకున్నవాళ్లు, ఆ పుస్తకం తెరవండి. తాతకు లేని సౌకర్యం అది.

ఇంకొక్కటి. భవన నిర్మాణ కార్మికుల చట్టం వచ్చింది 1996లో. పద్దెనిమిది నుంచి అరవై ఏళ్ల లోపు ఉండి, ఏడాదిలో తొంభై రోజులు ఈ పని చేసినవాళ్లెవరైనా సంక్షేమ బోర్డులో పేరు రాయించుకోవచ్చు. మీరు రాయించుకోండి, మీ మిల్లరు దగ్గర తట్ట మోసే అక్కలచేత కూడా రాయించండి. నా వేలు విరిగిన రోజున నా దగ్గర ఏ కార్డూ లేదు. మేస్త్రీ ఆటో కిరాయి ఇచ్చాడు, అంతే.

భోజనాలయ్యాక వర్క్‌షాపు షెడ్డు వెనక్కి రండి. నా పాత 10/7 మిల్లరు తెచ్చి నిలబెట్టాను. చక్రాలకు రాళ్లు పెట్టాను, బెల్టుకు గార్డు ఉంది, హ్యాండిల్ ఇదిగో, ఈ సంచిలో నా దగ్గరే ఉంది. బొటనవేలు ఎక్కడ పెట్టాలో ఒక్కొక్కరికీ చూపిస్తాను. ఉంగరాలు, గాజులు, కడియాలు తీసి అమ్మానాన్నల చేతికివ్వండి. ఈ పొడుగు గౌన్లు మాత్రం ఇక్కడే కుర్చీల మీద వదిలేసి రండి.