పసుపు బస్తా - పల్లె బస్సు



మాఘ ఫాల్గుణ మాసములలో ఆర్మూరు ప్రాంతమున ఏ పల్లెకు పోయినను కళ్లములలో ఉడికిన పసుపు కొమ్ములు ఆరుచు కనబడును. ఆ పసుపు నిజామాబాదు మార్కెట్టునకు పోవలెనన్నను, మహారాష్ట్రములోని సాంగ్లీకి పోవలెనన్నను, లారీ ముంగిటికే వచ్చును. కిరాయి సరకు ధరలో కలిసిపోవును. అదే యింటి ఆడపిల్ల ఆర్మూరునకు పోయి చదువుకొనవలెనన్న బస్సు దొరకదు. పసుపు తన కిరాయి తానిచ్చుకొనగలదు, పిల్ల ఇచ్చుకొనజాలదు. మరి ఆ పిల్ల ప్రయాణమునకు ధన మెవ్వరు పెట్టవలెను?

ఈ ప్రాంతమున బస్సుల చరిత్ర పాతదే. నిజాము రాజ్యపు రైల్వేవారు 1932 జూనులో 27 బస్సులతోను 166 మంది సిబ్బందితోను రోడ్డు రవాణా శాఖను నెలకొల్పిరి. 1951 నవంబరు 1న అది హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వము క్రిందికి వచ్చినది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినది. అప్పటినుండి దూరపు దారులలో మిగిలినదానితో పల్లెదారుల లోటు పూడ్చుకొనుట పరిపాటి. హైదరాబాదునకు పోవు ప్రయాణికుడు టిక్కెట్టు కొనుచు, తనకు తెలియకయే మా పల్లె బస్సునకు చందా యిచ్చుచుండెనన్నమాట!

కట్టడములకు ధనము ఆలస్యముగానైనను దొరకును. ఆర్మూరు మీదుగా పోవు పెద్దపల్లి - నిజామాబాదు రైలుమార్గమునకు 1993లో శంకుస్థాపన జరుగగా, రైలు నిజామాబాదు చేరునప్పటికి 2017వ సంవత్సరము వచ్చినది. శంకుస్థాపననాడు ఓనమాలు దిద్దిన బాలుడు ఆ రైలును తన బిడ్డకు చూపవలసివచ్చెను. అయినను వచ్చినది. 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనచే పల్లెలకు తారురోడ్లు పడినవి. వేసిన కంట్రాక్టరే అయిదేండ్లు మరమ్మతు చూడవలెనను నియమము కూడ నున్నది. త్రోవకు పద్దు కలదు. త్రోవపై ప్రతిదినము తిరుగవలసిన బండికి మాత్రము పద్దు వెదుకవలెను.

2023 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము 10,000 విద్యుత్తు బస్సుల పథకము నొకదానిని ఆమోదించినది. పొగ లేదు, చమురు లేదు, మంచిదే. కాని అది సామాన్యముగా 3 లక్షల జనసంఖ్య దాటిన నగరములకు. 2011 జనగణన ప్రకారము నిజామాబాదు ఆ మెట్టు ఎక్కగలదు, ఆర్మూరు ఎక్కజాలదు. దాని చుట్టునున్న పల్లెల మాట చెప్పనేల?

నేను పనిచేసిన ఒక పల్లెలో 2012వ సంవత్సరమున పదియవ తరగతి ముగించి యేడుగురు బాలికలు ఆర్మూరు కళాశాలలో చేరిరి. కార్తికమాసములో సాయంకాలపు బండి నిలిచిపోయినది. రాబడి చాలలేదు, నిలిపినవారిని నేను నిందింపను. ఆటో నిండనిదే కదలదు, నిండునప్పటికి చీకటి పడును. సంక్రాంతినాటికి నలుగురు చదువు మానివేసిరి. వారిలో ఒక బాలిక అమరకోశము తప్పులేకుండ నాకు అప్పగించినది. మరునెల బీడీలు చుట్టుచుండగా చూచితిని. ఆ యేడే మా పల్లె గ్రామాభివృద్ధి కమిటీ తొమ్మిది లక్షలు పెట్టి ఊరి మొగదల కమాను కట్టించినది. దానిపై చెక్కిన పద్యము నేనే వ్రాసితిని. శాలువ కూడ కప్పించుకొంటిని.

2023 డిసెంబరు 9 నుండి తెలంగాణమున స్త్రీలకు బస్సు ప్రయాణము ఉచితమైనది. కండక్టరు సున్న టిక్కెట్టు కొట్టును. ఆ ధర ప్రభుత్వము సంస్థకు చెల్లించవలెను. కనుక ఆ సున్న వట్టి సున్న కాదు, ఎక్కినవారికి లెక్క. 2025 మార్చి 8న మహిళా సమాఖ్యల బస్సులు సంస్థకు అద్దెకు తిరుగ మొదలిడినవి. బస్సొకటికి నెల అద్దె 77,220 రూపాయలు. పల్లెస్త్రీలు బస్సునకు యజమానురాండ్రగుట నాకు మిక్కిలి సంతోషము. కాని ఆ బస్సు ఏ పల్లెకు పోవలెనో నిర్ణయించునది సంస్థయే.

అందుచే నేనొక లెక్క వేసితిని. సాయంకాలపు ఒక్క తడవకు లోటు దినమునకు 600 రూపాయలనుకొందము. నెలకు 25 దినములకు 15,000. బడి నడుచు పది నెలలకు లక్షన్నర. ఆ లోటు పూడ్చెదమని ఊరు వ్రాసి యిచ్చినచో, బండి యడుగుటకు మనకు నోరుండును. కమాను ఖర్చుతో ఆరేండ్లు నడుచును.

ఈ కాగితము కమిటీ పెద్దకు చూపితిని. అతడు నా పాత శిష్యుడే. "సారూ, కమాను మీద ఊరి పేరుంటది. బస్సుకు పైసలిస్తే మన పేరు యాడుంటది?" అనెను.

"బస్సు బోర్డు మీద ఉండును గదా నాయనా!" అంటిని.

కాగితము మడిచి జేబులో పెట్టుకొనినాడు. దసరా వెళ్లిన తరువాత కమిటీ కూర్చుండునట.