నందికొండ కింద అనపల కాలం

బెంగళూరుకు ఉత్తరాన సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉంది నందికొండ. ఎత్తు 1,478 మీటర్లు. పైకెళ్లే పర్యాటకులకు మంచు చూడముచ్చట. కింద చిక్కబళ్లాపురం వైపు పల్లెల్లో, కన్నడంతోపాటు తెలుగూ మాట్లాడే రైతులకు పంటల లెక్క వేరు. వానలకు రాగులు విత్తి, మధ్య సాళ్లలో అనపలు వేస్తారు. నాటు అనప పగటిపొద్దు తగ్గితేనే పూతకొస్తుంది. చలిలో కాయ నిండుతుంది. మంచు తగిలిన కాయకే ఘుమఘుమ అంటారు. కోసినవాళ్ల వేళ్లకు ఆ జిడ్డు వాసన ఓ పట్టాన వదలదు. గింజలు నానబెట్టి, తోలు ఊడేలా వేళ్లతో పితికితే పితికిన పప్పు. దాని పులుసు, రాగిసంగటి! సంక్రాంతి రోజుల్లో ఇంతకు మించిన విందు నాకైతే తోచదు. ఎండాకాలం మాత్రం కష్టమే. ఈ కొండల్లో పుట్టిన పెన్న నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుంది గానీ, ఇక్కడి చేలకు దిక్కు బోరుబావులే.