అక్షరము రానివారికి పలుకే ద్వారము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రంథాలయపు తలుపులు తెరచియే యున్నవి. కాని అక్షరము రానివారికి తెరచిన తలుపును మూసినదే గదా! 2011 జనాభా లెక్కల ననుసరించి నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఏడేండ్లు నిండినవారిలో నూటికి సుమారు 33 మంది నిరక్షరులు. పత్రిక నొకరు చదువగా పదిమంది వినుట మన గ్రంథాలయముల పాత ఆచారము. ఆ ఆచారమునకు నేడు యంత్రము తోడువచ్చినది.

2010లో పాత్రికేయులు శుభ్రాంశు చౌదరి గారు ఛత్తీస్‌గఢ్ అడవి ప్రాంతమున ‘సీజీనెట్ స్వర’ను నెలకొల్పిరి. చదువురాని గోండు కూలి సైతము మామూలు ఫోనులో తన భాషలో, తన కష్టమును చెప్పుకొనవచ్చును. కార్యకర్తలు నిజానిజములు విచారించి దానిని పదుగురికి వినిపింతురు. వినినవారు అధికారులకు ఫోను చేయుదురు. ఈ విధముగా అందని కూలిడబ్బు అందినది; చెడిన చేతిపంపులు బాగుపడినవి.

అచట యంత్రము మాటను దాచి వినిపించినది. ఇప్పటి యంత్రము మాటను గ్రహించి అక్షరములుగా మార్చును. సమాధానము వెదకి మరల పలుకును. 2022లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన ‘భాషిణి’ భారతీయ భాషలకు ఇట్టి సాధనములను సమకూర్చుచున్నది.

అయితే యంత్రము తాను వినిన మాటలనుండియే నేర్చుకొనును. పట్టణపు పలుకు మాత్రమే వినినదానికి మన పల్లె యాస అర్థము కాదు. ఇరువై, అరువై యను మాటలకు భేదము మొదటి అచ్చు ఒక్కటే. పురుగుమందు కొలతలో అది తారుమారైనచో మోతాదు మూడురెట్లగును! పైరు మాడును, ప్రాణమునకును ముప్పు వాటిల్లవచ్చును.

కావున ఈ గ్రంథాలయము రెండు పనులకు పూనుకొనవలయునని నా మనవి. మొదటిది, యంత్రము చెప్పిన దానిని సీసాపై అచ్చుతో సరిచూచి చెప్పుటకు ప్రతి సాయంకాలము ఒక చదువరి ఇచట కూర్చుండవలెను. రెండవది, ‘భాషిణి’వారి ‘భాషాదాన్’కు మన రైతుల, ఆడపడుచుల, వృద్ధుల కంఠములను వారి సమ్మతితో అందింపవలెను. అన్నదానము, విద్యాదానము చేసిన యూరికి పలుకును దానము చేయుట భారము కాదు.

రాబోవు స్వర్ణోత్సవము నాటికి ఈ గడప నెక్కుటకు జంకువా రెవ్వరును ఈ గ్రామమున లేకుందురు గాక! సెలవు.