భూపాలపల్లి బొగ్గు – ప్రపంచ రాజనీతి



శాస్త్రజ్ఞుని కొలతకును, ప్రభుత్వ విధానమునకును, దేశముల ఒడంబడికలకును గల సంబంధమును తెలిసికొనుటకు భూపాలపల్లి బొగ్గు చక్కని నిదర్శనము.

సింగరేణి కార్మికులు అచటి గనులనుండి త్రవ్వితీయు బొగ్గు చెల్పూరులోని కాకతీయ విద్యుత్కేంద్రమున కుపయోగపడుచున్నది. ఆ కేంద్రపు రెండు దశల శక్తి 1100 మెగావాట్లు. జనగామ, మహబూబాబాదు ప్రాంతములలో కాలువ నీరందని చోట్ల బోరుబావియే రైతునకు దిక్కు. మోటారు తిరుగనిదే మడి తడియదు. 2018 జనవరి 1వ తేదీనుండి రాష్ట్రప్రభుత్వము సేద్యమునకు రేయింబవళ్లు ఉచిత విద్యుత్తు నిచ్చుట కారంభించెను. గని, యంత్రము, తీగె లేనిచో అట్టి విధానము కాగితముపైననే నిలిచిపోయెడిది.

ఈ బొగ్గుపై ప్రపంచము దృష్టి ఏల పడినది? బొగ్గు మండినపుడు బొగ్గుపులుసు వాయువు వెలువడును. అది పెరిగినచో భూమి వేడెక్కునని స్వీడను శాస్త్రజ్ఞుడు అరీనియసు 1896లో లెక్కకట్టెను. 1958లో కీలింగను అమెరికా శాస్త్రజ్ఞుడు హవాయి దీవిలోని మౌనాలోవా పర్వతముపై దానిని కొలువ నారంభించెను. నాడు గాలిలో పదిలక్షల పాళ్లకు సుమారు 315 పాళ్లుండిన ఆ వాయువు నేడు 420 పాళ్లు దాటినది.

ఇట్టి కొలతలే దేశములను ఒకచోట కూర్చుండబెట్టెను. 1992లో రియోలో ఒడంబడికయు, 2015లో పారిసు ఒప్పందమును ఏర్పడెను. 2021లో గ్లాస్గో సభయందు, 2070 నాటికి గాలిలోనికి విడుచు వాయువును తిరిగి గ్రహింపబడు వాయువుతో సరిసమానము చేయుదుమని భారత ప్రధాని ప్రకటించెను. ఆ సభలోనే బొగ్గు వాడుకను ‘తొలగించుట’ అను మాటను ‘తగ్గించుట’ అని మార్చవలెనని భారతదేశము పట్టుబట్టి సాధించెను. ధనిక దేశములు నూరేండ్లకు పైగా బొగ్గు కాల్చి వృద్ధిచెందినవి. తలసరి లెక్కలో భారతీయుడు వెలువరించు బొగ్గుపులుసు వాయువు ప్రపంచపు సగటులో సగమైనను లేదు. ఆ పట్టుదలకు కారణమిదియే.

అయినను ముప్పు మన వాకిటికిని వచ్చును. 2023 జూలైలో మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లిని ముంచెత్తెను. ఒక్క వానను చూపి భూతాపమే కారణమనుట తగదు. కాని వేడెక్కిన గాలి ఎక్కువ తేమను మోయుననుట శాస్త్రసిద్ధము.

బొగ్గు తగ్గవలసినదే. అపుడు గని కార్మికుని కుటుంబమునకు బ్రతుకుతెరువేది? మోటారునకు శక్తి ఎచటినుండి వచ్చును? కార్మికులకు న్యాయము జరుగునట్లే ఈ మార్పు సాగవలెనని పారిసు ఒప్పందపు పీఠికయు చెప్పుచున్నది. ఎంత తగ్గింపవలెనో శాస్త్రము చెప్పగలదు. ఆ భారమును ఎవరెంత మోయవలెనో తేల్చుట ప్రజల పని. విషయ మెఱుగనివాని పక్షమున ఇతరులే నిర్ణయింతురు. గ్రంథాలయములో పత్రిక చదివి, పదిమందితో చర్చించి, గ్రామసభలో ప్రశ్నించు రైతును, కార్మికుడును ఆ నిర్ణయములో పాలుపంచుకొనగలరు.