లెక్కకు రాని పసిబిడ్డలు



నేను నర్సు వృత్తిలో తల నెరసినదానను. రోగి ప్రక్కన మేలుకొని యుండుటయే మా పని యని పలువురు తలంతురు. అది సగమే. చూచినది వ్రాసిపెట్టి, ఎందుకిట్లు జరిగెనని విచారించుట తక్కిన సగము.

ఈ సంగతి నాకు నేర్పినది ఒక పల్లె తల్లి. తొలినాళ్లలో నేనొక ఊరికి పోయి జనన మరణముల పుస్తకము చూచితిని. అందు పసిబిడ్డ మరణ మొక్కటియు లేదు. సంతోషించితిని. నాటి సాయంకాలమే ఆ తల్లి, "ఇద్దరు బిడ్డలు పురిటిలోనే పోయినారమ్మా" అని చెప్పినది. బారసాల కాకమున్నే కన్నుమూసిన బిడ్డకు పేరు లేదు; పేరు లేనందున పుస్తకమున చోటు లేదు. లెక్కకు రాని చావునకు మందు వెదకువా రెవరు?

ప్రాణహిత కావల, మహారాష్ట్రములో గడ్చిరోలి జిల్లా కలదు. అచ్చటి సిరోంచ ప్రాంతమున తెలుగువారును కలరు. ఆ జిల్లాలో అభయ్ బంగ్, రాణీ బంగ్ అను వైద్య దంపతులు 1993లో 39 గ్రామములలో పరిశోధన ప్రారంభించి, మొదట జనన మరణములను లెక్కించిరి. వేయిమంది శిశువులు పుట్టినచో 62 మంది నెల తిరుగకమున్నే పోవుచుండిరి. పిదప ఊరి స్త్రీలకే శిక్షణ నిచ్చిరి. వారు ఇంటింటికి పోయి, బిడ్డను తూచి, వెచ్చగా నుంచి, తల్లిపాలు పట్టించి, ఊపిరాడనివారికి ఊపిరి యందించి, అంటుసోకినవారికి సూదిమందు నిచ్చిరి. 1997-98 నాటికి ఆ 62 కాస్త 25.5కు దిగెను. పోల్చి చూచిన 47 గ్రామములలో మాత్రము 60 చేరువనే నిలిచెను. ఈ ఫలితములు 1999లో లాన్సెట్ వైద్యపత్రికలో వెలువడెను. పరిశోధన వైద్యులది; ప్రాణము నిలిపినది ఊరి స్త్రీ పరిచర్య.

పట్టణపు బిడ్డకు వైద్యుడు పిలుపు దూరమున నుండును. అడవిపల్లె బిడ్డకు వాగు అడ్డము. ఈ అంతరమును తగ్గించుటకే 2011లో ప్రభుత్వము ఇట్టి గృహసేవను ఆశా కార్యకర్తల కప్పగించినది. కాన్పు తరువాత 42 దినములలో ఆమె ఆరేడు మారులు ఇంటికి రావలెను.

పెద్దలారా, మిమ్ము కోరునవి రెండే. పురిటి మైల యని ఆమెను గడపవద్ద ఆపనీయకుడు. పుట్టిన ప్రతి బిడ్డను, పోయిన ప్రతి బిడ్డను 21 దినములలోపల వ్రాయింపుడు. పేరు పెట్టకున్నను సరే, వ్రాయింపుడు. ఆ యొక్క పంక్తి రేపటి బిడ్డకు రక్ష కావచ్చును.