పెంట పేరు రాసిపెట్టుండ్రి

నాగర్‌కర్నూల్ జిల్లా పుట్టింది 2016 అక్టోబర్ 11న. అమ్రాబాద్ గుట్టల మీది చెంచు పెంటలు దానికన్నా ఎంతో ముందటియి.

1940ల హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుడు మన పెంటలు తిరిగి, 1943ల పుస్తకం అచ్చేసిండు. మంచి పుస్తకమే. కానీ అడిగింది ఆయన, రాసింది ఆయన. తర్వాత వచ్చినోళ్లకు ఇదే అడివి ఒకరికి టైగర్ రిజర్వ్, ఇంకొకరికి యురేనియం గని. జనం లొల్లి చేసినంకనే 2019 సెప్టెంబర్ 16న అసెంబ్లీ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది.

అటవీ హక్కుల చట్టం నిబంధనల్లో 13వది చదువుండ్రి. పాత బావి, బొందలగడ్డ, దేవర తావు సాక్ష్యమే. పెద్దల నోటిమాట రాసిపెడితే అదీ సాక్ష్యమే. అయితే చెప్పేటోళ్లు క్లెయిమ్ వేసినోళ్లు కావద్దు, ఇది మరువకుండ్రి.

సలేశ్వరం జాతరల ఫోటోలు దిగుతం గదా! ఈసారి తాతను అడుగుండ్రి: ఏ వాగు కాడ ఎవరి పెంట ఉండె? శ్రీశైలం డ్యాం నీళ్లు వచ్చినప్పుడు ఎవరెటు జరిగిన్రు? ఫోన్ల రికార్డు చేసి, కాయితం మీద రాసి, వేలిముద్ర పెట్టించి, అటవీ హక్కుల కమిటీకి ఇయ్యుండ్రి. పోయినేడు మా దిక్కు ఇద్దరు ముసలోళ్లు పోయిన్రు. వాళ్లను ఎవ్వరం అడగలే, నేను గూడ.