కౌంటర్ వెనక స్టూలు

(జంగారెడ్డిగూడెంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఊళ్లో కొత్త షాపు తెరుస్తున్నారంటే ముందు వినబడేది "ఇంతమందికి ఉద్యోగాలు" అన్న మాట. పొగాకు గ్రేడింగుకు వెళ్లే ఆడపిల్లకు నీడపట్టున ఉద్యోగమంటే ఆశే. ఆ ఆశను నేను చులకన చేయను. నేనూ అలా వెళ్లినదాన్నే.

ఇంటి సామాన్ల షాపులో ఆరేళ్లు పనిచేశాను. పొద్దున తొమ్మిదిన్నరకు వెళ్తే రాత్రి తొమ్మిది దాకా నిలబడాలి. కౌంటర్ వెనక స్టూలు లేదు. బేరాలు లేనప్పుడు కూర్చుంటామంటే, వచ్చినవాళ్లకు షాపు డల్‌గా కనబడుతుందన్నారు. మరుగుదొడ్డి పక్క కాంప్లెక్సులో ఉండేది. అందుకని మధ్యాహ్నం దాకా నీళ్లు తాగేవాళ్లం కాదు. నేను కడుపుతో ఉన్నానని తెలిసిన నెలలోనే "ఇంట్లో రెస్టు తీసుకోమ్మా" అని మర్యాదగానే పంపేశారు. తీసేసినట్టు కాగితం లేదు. చేర్చుకున్నట్టూ లేదు కదా!

2018 ఆగస్టు 9న హైదరాబాదు హైటెక్ సిటీలో ఐకియా తెరిచారు. మన దేశంలో ఆ స్వీడన్ కంపెనీకి అదే మొదటి షాపు. సుమారు 4 లక్షల చదరపు అడుగులు, లోపలే 1000 మంది కూర్చుని తినే హోటలు. నేరుగా 950 మందికి, పరోక్షంగా 1500 మందికి పని అన్నారు. నేరుగా తీసుకున్నవాళ్లలో సగం ఆడవాళ్లన్నారు. ఆ "సగం" మనం పట్టుకోవాల్సిన మాట. మన ఊరి షాపులనూ అడగవచ్చు. కానీ ఎక్కడైనా సరే, "పరోక్షంగా" అన్నచోట ఆగండి. జీతం ఎవరిస్తారు? పి.ఎఫ్. ఎవరు కడతారు? కాగితం మీద యజమాని పేరు ఎవరిది?

అదే 2018లో కేరళ, షాపుల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కు కల్పిస్తూ చట్టం మార్చింది. ఊరికే రాలేదది. కోజికోడ్‌లో పి. విజి, ఆమె 'పెన్‌కూట్టు' సంఘం, బట్టల షాపుల ఆడవాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడారు. 2021లో తమిళనాడూ అదే దారి పట్టింది. అంతా కలిపి ఒక స్టూలు కోసం!

ఇంకొకటి. 2013 నాటి లైంగిక వేధింపుల చట్టం ప్రకారం పదిమంది పనిచేసేచోట అంతర్గత కమిటీ ఉండాలి. మన టౌనులో చాలా షాపుల్లో పదిమంది ఉండరు. వాళ్లకు జిల్లాలో స్థానిక కమిటీ. ఫిర్యాదు ఇవ్వడానికి ఏలూరు దాకా వెళ్తే ఆ రోజు జీతం పోయినట్టే. అయితే మున్సిపాలిటీలో ఫిర్యాదు తీసుకుని, వారం లోపల కమిటీకి పంపే నోడల్ అధికారి ఉండాలని అదే చట్టం చెబుతోంది.

మన మున్సిపాలిటీలో ఆ అధికారి ఎవరో తెలిసినవాళ్లు చెయ్యెత్తండి.

సరే. భోజనాలయ్యాక ఆఫీసుకు వెళ్లి ఆ పేరు రాయించుకుని వద్దాం. నాతో ఎవరెవరు వస్తారు?